మూత తీస్తే అరగంట

నిదానం విషయంలో ప్రభుత్వానికి ఇంకొకరు నేర్పాల్సింది ఏమీ లేదని జనం అనుకుంటారు. ఆ అభిప్రాయం శుద్ధ తప్పు. విద్యార్థి వసతి భోజన శాఖ కమిషనర్ గారు విదేశానికి వెళ్ళి మరీ నేర్చుకుని వచ్చారు.

ఆయన వెళ్ళింది వేరే పని మీద. హాస్టళ్ళలో మంచాల అమరిక గురించి అక్కడేదో సదస్సు జరిగింది. మంచాల సంగతి ఏమైందో ఎవరికీ తెలియదు గానీ, ఆయన బస చేసిన ఇంటి ముసలావిడ ఒక సాయంత్రం చిన్న గిన్నెలో గుమ్మడికాయ తీపి పెట్టింది. పొద్దున్నే ముక్కలు కోసి, పంచదార వేసి, పాలు పోసి, మూత పెట్టి, స్విచ్చి నొక్కి బజారుకు వెళ్ళిపోయిందట. తిరిగి వచ్చేసరికి అదే ఉడికి కూర్చుందట. కలపడం లేదు, అడుగంటడం లేదు, పక్కన నిలబడి కాపలా కాయడం లేదు. ఆ పాత్రను స్లో కుక్కర్ అంటారని ఆవిడ చెప్పింది. ఇన్నేళ్ళుగా తమ శాఖ ఎంత తొందరపాటుతో, ఎంత అనాగరికంగా అన్నిటినీ మంట మీద పెట్టి వండిస్తోందో తల్చుకుంటే కమిషనర్ గారికి కడుపు తరుక్కుపోయింది.

ఆయన తిరిగి వచ్చిన కొద్ది రోజులకే నిదాన పాక పథకం పుట్టింది. స్లో కుక్కర్‌కు 'మందగతి పాకయంత్రము' అని నామకరణం చేశారు. ప్రయోగాత్మకంగా ఒకే హాస్టల్లో, ఒకే తీపి పదార్థం వండి చూడాలనీ, ఆ హాస్టల్ ముక్కుపాడు బాలికల కళాశాల హాస్టల్ అనీ ఉత్తర్వు వచ్చింది. ముక్కుపాడే ఎందుకంటే, అక్కడ స్నానాల గదుల కప్పు మీద గుమ్మడిపాదు ఉందని పాత తనిఖీ నివేదికలో ఎవరో రాశారు. నిజానికి అది ఫిర్యాదుగా రాసిన మాట. పైకి వెళ్ళేకొద్దీ అది ప్రశంసగా మారింది.

ముక్కుపాడు హాస్టల్ వార్డెన్ పేరు వకుళ. లెక్కల్లో డిగ్రీ చేసి, మూడోసారి పరీక్ష రాస్తే వచ్చిన ఉద్యోగం ఆమెది. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఉత్తర్వును ఒకసారి కూర్చుని చదివింది, ఒకసారి లేచి నిలబడి చదివింది, తర్వాత దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

వంటింట్లో నూకరత్నం పప్పు తాలింపు పెడుతోంది. ఆ హాస్టల్లో వంట చేస్తూ చేస్తూనే జుట్టు నెరిసిన మనిషి.

"నూకరత్నం గారూ, మనకు కొత్త కుక్కర్ వస్తోంది. దాంట్లో గుమ్మడికాయ హల్వా చెయ్యాలట," అంది వకుళ.

"చేసేద్దామండి. మంచిదే గదా."

"బాగా కుదిరితే, రాష్ట్రంలో హాస్టళ్ళన్నిటికీ అవే ఇచ్చేసి గ్యాసు పొయ్యిలు వెనక్కి తీసుకుంటారట."

నూకరత్నం చేతిలో గరిటె ఆగింది. "మరి అన్నమో?"

"అందులోనే."

"అరవై మంది పిల్లలకండీ? కరెంటు పోతేనో?"

"దాని గురించి రాయలేదు."

"రాయరండి. కరెంటు పోయిందంటే మళ్ళీ కట్టెపుల్లలే. ఆ పొగలో వండీ వండీ ఈ కన్ను సగం పోయిందండి. గ్యాసు వచ్చాకే గదా కాస్త మడిసినయ్యాను. కుదరలేదని చెప్పేద్దురూ, గొడవొదిలిపోద్ది."

"కుదరకపోతే వార్డెన్ నిర్లక్ష్యం కింద లెక్కట. నా ఉద్యోగం పోతుంది."

నూకరత్నం ఆమె ముఖంలోకి చూసి, తాలింపు మాడుతున్న వాసన వచ్చాక గానీ తేరుకోలేదు. హల్వా కుదిరితే పొయ్యి పోతుంది, కుదరకపోతే వకుళ పోతుంది. మధ్యలో నిలబడడానికి ఆ ఉత్తర్వులో అంగుళం చోటు కూడా వదల్లేదు. వకుళకు నిజంగానే ఏడుపొచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి ఏడిస్తే ఉల్లిపాయల మీదకు నెట్టెయ్యొచ్చు గనుక అక్కడే నాలుగు కన్నీటి చుక్కలు కార్చి, ముఖం కడుక్కుని, కుక్కర్‌కు ఎదురు వెళ్ళింది.

కుక్కర్‌ను జీపులో తెచ్చినవారు అసిస్టెంట్ డైరెక్టర్ త్రినాథరావు గారు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు రాసీ రాసీ ఆయన మామూలు తెలుగు మర్చిపోయారు. ఇంట్లో భార్యను మంచినీళ్ళు అడగాలన్నా "త్రాగునీటి నిమిత్తము" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సదరు యంత్రమును ఎచ్చట ప్రతిష్ఠించెదరు?" అన్నారాయన.

వంటింట్లో అంది వకుళ. అది కుదరదన్నారు. బాలికల హాస్టల్లో పురుషులు సందర్శకుల గది దాటి లోపలికి రాకూడదు. తనిఖీ చెయ్యాల్సినవారు పురుషులు. కాబట్టి కుక్కర్‌ను గేటు పక్కన సందర్శకుల గదిలో, తల్లిదండ్రులు కూర్చునే బల్ల మీద పెట్టారు. వెంటనే దానికి ఒక దండ వేశారు. లోపల పింగాణీ గిన్నె, పైన గాజు మూత, పక్కన మూడు గీతల మీట. చూడడానికి ముచ్చటగానే ఉంది.

ఇక గుమ్మడికాయ కొయ్యాలి. పాదు కప్పు మీద ఉందన్న మాటేగానీ, అది అంట్లు కడిగే చోట పడిన గింజల్ని లోవకుమారి అనే మూడో సంవత్సరం పిల్ల ఏరి నాటి, నీళ్ళు మోసి పెంచిన పాదు. మెస్ సెక్రటరీ కూడా ఆ పిల్లే. మూడు కాయలు కాశాయి. పరీక్షలు అయ్యాక అందరూ కలిసి హల్వా చేసుకుని తిని ఊళ్ళకు వెళ్ళాలని పిల్లలు ఎప్పట్నించో అనుకుంటున్నారు. అన్నిటికంటే పెద్ద కాయను రెండు చేతులా పట్టుకుని తెచ్చి, "ఇది ప్రభుత్వానికండి. మిగతా రెండూ మాయి. ముందే చెప్తున్నాను మేడమ్," అని బల్ల మీద పెట్టింది.

కత్తిపీట ముందు కూర్చున్న నూకరత్నం కాయను ముట్టుకోలేదు.

"మొదటి కోత మగాళ్ళే కొయ్యాలండి. ఆడది నిండు గుమ్మడికాయ కోస్తే ఇంటికి మంచిది కాదు. ఓ ముక్క చీల్చి ఇచ్చారంటే మిగతాది నేను క్షణంలో చేసేత్తాను."

వకుళకు ఇలాంటి పట్టింపులు లేవు. అయినా అసలే అటో ఇటో ఊగుతున్న ఉద్యోగం, ఇప్పుడు నిండు గుమ్మడికాయ కూడా కొయ్యడం ఎందుకని ఊరుకుంది. త్రినాథరావు గారు ఉత్తర్వు తిరగేశారు. కోత గురించి అందులో ఒక్క ముక్క లేదు. స్వయంగా కొయ్యడానికి ఆయన హోదా ఒప్పుకోలేదు. వాచ్‌మన్ వీర్రాజును పిలిచారు. వీర్రాజు గేటు బయటే నిలబడి, లోపలికి వస్తే తన ఉద్యోగం పోతుందని గుర్తుచేశాడు. సందర్శకుల గదిలోకి సందర్శకులు రావచ్చు, వాచ్‌మన్ సందర్శకుడు కాడు. కాయేమో గేటు ఊచల్లోంచి పట్టదు.

చివరికి త్రినాథరావు గారు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు. "సదరు వీర్రాజు గేటు బయటనే నిలుచుండి, హస్తములను మాత్రము ఊచల గుండా లోనికి ప్రవేశపెట్టవలెను. భుజముల వరకు గల భాగము ప్రవేశించిన వ్యక్తి క్రిందకు రాదు."

వీర్రాజు రెండు ఊచల మధ్య నుంచి ఒక చేయి, ఇంకో రెండు ఊచల మధ్య నుంచి ఇంకో చేయి పెట్టి, లోవకుమారి పట్టుకున్న కాయ మీద కత్తి ఆనించి ఊపిరి బిగబట్టి నొక్కాడు. కాయ రెండు చెక్కలైంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత వీర్రాజు మోచేతులు వెనక్కి రావడానికి నూకరత్నం కాస్త నూనె రాయాల్సి వచ్చింది.

మిగతా పని నిజంగానే సులువు. తొక్క తీసి ముక్కలు గిన్నెలో వేశారు. బెల్లం తురుము, కాసిని పాలు, ఓ గరిటెడు నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. మూత పెట్టి, మీట 'తక్కువ' దగ్గరకు తిప్పారు. నాలుగు గంటల్లో ముక్కలు వెన్నలా అయిపోతాయి, గరిటెతో మెదిపి పైన జీడిపప్పు వేసుకోవడమే. నూకరత్నం కూడా ముక్కు మీద వేలేసుకుని, "ఇంతేనాండీ?" అంది. యంత్రాన్ని ఎవరం ఏమీ అనలేం. అది దాని పని అది చేసుకుపోయే రకం.

కానీ కుక్కర్‌తో పాటు నిబంధనలు కూడా వచ్చాయి. కుక్కర్ పెట్టెలో ఒక చిన్న కాగితం ఉందట. మధ్యలో మూత తీస్తే వేడి పోతుంది కాబట్టి తీసినప్పుడల్లా అరగంట అదనంగా ఉడికించమని ఆ కాగితం సలహా ఇచ్చింది. కమిషనర్ గారు ఆ సలహాను నిబంధన చేశారు. మూత తీసిన ప్రతిసారీ అరగంట కలపవలెను. నిర్ణీత సమయము పూర్తికాక మునుపు పదార్థము ఉడికినదని ఎవరును ప్రకటించరాదు. ఇంతవరకు బాగానే ఉంది. మరి మూత ఎవరూ తీయలేదని తెలిసేదెలా? ఆ సందేహం కూడా కమిషనర్ గారికి ముందే వచ్చింది. అందుకని మరో నిబంధన పెట్టారు. మూత ఎవరును తీయలేదని బాధ్యత గల అధికారి గంటకొకసారి మూత తీసి నిర్ధారించుకొనవలెను.

మొదటి గంట గడిచింది. త్రినాథరావు గారు చేతులు కడుక్కుని, మూత తీసి, మూతను అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ పెట్టారు. గిన్నెలోకి చూడలేదు. రంగు, రుచి తుది నివేదికలో వస్తాయి, ఇప్పుడు చూడడం ముందుచూపు కిందకు వస్తుందన్నారు.

"మూత ఎవరును తీసి యుండలేదు," అని ప్రకటించారు.

"తమరు ఇప్పుడు తీశారు గదండీ," అంది లోవకుమారి కిటికీలోంచి.

"అవును. కావున అరగంట కలపబడినది," అన్నారాయన ఏమాత్రం తొణక్కుండా. గోడకు వేలాడేసిన పలక మీద మిగిలిన సమయం సుద్దతో దిద్దారు.

సాయంత్రానికి వాసన మొదలైంది. బెల్లం పాలల్లో కరిగి, నెయ్యి యాలకులతో కలిసి, గుమ్మడి మగ్గిన వాసన సందర్శకుల గదిలోంచి నడవలోకి, నడవలోంచి మేడ మీదికి పాకింది. పిల్లలు పుస్తకాలు చేత్తో పట్టుకునే కిందికి దిగి వచ్చారు. గాజు మూత లోపలి నుంచి ఆవిరి పట్టి ఏమీ కనబడటం లేదు గానీ, ఉడికిందని ముక్కున్న ప్రతివాళ్ళకూ తెలిసిపోయింది.

వకుళకూ తెలిసింది. హల్వా కుదిరింది. అంటే పొయ్యి పోయినట్టే. పలక వైపు చూసింది. గంట గడిస్తే ఒక గంట తగ్గుతోంది, తనిఖీకి అరగంట పెరుగుతోంది. అంటే తగ్గేది అరగంటే. రెట్టింపు సమయం పడుతుంది, అంతే తేడా. రాత్రి భోజనాల వేళకల్లా పలక మీద సున్నా వస్తుంది. త్రినాథరావు గారు విజయవంతమని రాస్తారు. పొద్దున్న నూకరత్నం ఇడ్లీలు వేస్తుంటే ఎవరో వచ్చి సిలిండర్ ఎత్తుకుపోతారు.

అప్పుడు ఆమె చదివిన లెక్కలు ఆమెకు అక్కరకు వచ్చాయి. గంటకు ఒక్క తనిఖీ అయితే అరగంట తగ్గుతుంది. గంటకు రెండు తనిఖీలు జరిగితే? గంట తగ్గి గంట పెరుగుతుంది. పలక మీద అంకె ఉన్నచోటే ఉంటుంది. హల్వా కుదరదు, చెడదు. ఉడుకుతూ ఉంటుంది.

ఆమె త్రినాథరావు గారి కుర్చీ దగ్గరకు వెళ్ళి చాలా వినయంగా నిలబడింది.

"సార్, చిన్న సందేహం. మూత ఎవరూ తీయలేదని తమరు తనిఖీ చేస్తున్నారు. తమరు సరిగ్గా తనిఖీ చేశారని ఎవరు తనిఖీ చేస్తారండి?"

త్రినాథరావు గారి ముఖం పాలిపోయింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఒంటరిగా ఏ నిర్ణయం మీదా సంతకం పెట్టలేదు. ఎప్పుడూ పైన ఒకరు, కింద ఒకరు ఉండేవారు. ఇప్పుడు చూసుకుంటే పైనా లేరు, కిందా లేరు, ఆయనా మూతా మాత్రమే మిగిలారు.

"రేపొద్దున్న ఎవరైనా, త్రినాథరావు గారొక్కరే కూర్చున్నారు, తిన్నారో ఏమో అంటే..." అంది వకుళ ఇంకాస్త వినయంగా.

"హరిహరీ!" అని ఆయన లేచి నిలబడి ఫోను తీశారు.

గంట లోపలే ఆరోగ్య శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. త్రినాథరావు గారు మూత తీసి పెట్టగానే, ఆయన మూత తీసి, ఈయన సరిగ్గానే తీసి పెట్టారని నిర్ధారించాడు. పలక మీద ఒక గంట కలిసింది. వకుళ ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

పొద్దున్నే ఇంకో ఆలోచన వచ్చింది. అధికారులు అలిసిపోతే? ఎవరైనా ఒకరికి జలుబు చేస్తే? అందుకని మరి కొందరిని మర్యాదగా ఆహ్వానించింది. కరెంటు వైర్లు క్షేమమో కాదో చూడడానికి ఒకరు, అగ్నిమాపకం నుంచి ఒకరు, పథకం ఫోటోల కోసం ఇంకొకరు. మూత వేసి ఉంటే ఫోటోలో ఏమీ కనబడదు కాబట్టి ఫోటోలాయన ప్రతిసారీ తీయించేవాడు. పిలిస్తే రాని అధికారి ఉండడు, టీ ఇస్తే లేచి వెళ్ళేవాడూ ఉండడు. మూడో నాటికి చేపల శాఖ నుంచి ఒకాయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఎందుకొచ్చారని అడిగితే, ఆ వారం తనకు పెద్దగా పని లేదని నిజాయితీగా చెప్పాడు. ఆయన కూడా మూత తీసి చూశాడు.

పలక మీద అంకె పెరిగింది. మొదట వేసినదాన్ని దాటింది. త్రినాథరావు గారు దాన్ని 'ప్రగతి' అని పై ఆఫీసుకు తెలియజేశారు. పైనుంచి అభినందన వచ్చింది.

లోపల గిన్నెలో ఏం జరుగుతోందో పైకి అన్న వాళ్ళు లేరు. హల్వా కాస్తా లేహ్యమైంది. లేహ్యం కాస్తా ముద్దైంది. ముద్ద ఆ తర్వాత రోడ్డు వేసే తారు రంగులోకి తిరిగింది.

లోవకుమారికి మాత్రం ఓపిక నశించింది. చివరి పరీక్ష రాసి వచ్చి, నేరుగా వార్డెన్ గదిలోకి దూరింది.

"రేపు మా బస్సులండి మేడమ్. మళ్ళీ మేం ఈ హాస్టల్‌కి రాం. ఆ గిన్నెలో ఉన్నది మేం తినేది కాదని తెలుసు. మా రెండు కాయలైనా మాకు వండించండి. పొయ్యి మీదే. మీరు వద్దంటే ఆ కాయలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని మా ఊరెళ్ళిపోతాను."

ప్రయోగం జరుగుతుండగా పోటీగా పొయ్యి మీద అదే పదార్థం వండరాదని నిబంధన ఉంది. వకుళకు ఆ సంగతి గుర్తుంది. నెలల తరబడి ఆ పిల్ల బక్కెట్లతో నీళ్ళు మోయడం కూడా గుర్తుంది. "వీర్రాజు చేతులకు మళ్ళీ నూనె రాయండి," అని నూకరత్నానికి కబురు పెట్టింది.

నూకరత్నం రెండు కాయలూ తురిమి, పెద్ద మూకుడు గ్యాసు మీద పెట్టి, నేతిలో వేయించి, పాలు పోసి, బెల్లం వేసి, నడుం వంచి కలుపుతూ నిలబడింది. ముప్పావుగంటలో హల్వా మూకుడు అంచులు వదిలి గరిటెకు ఎక్కింది. ఆ వాసన ఆగేది కాదు. తిన్నగా సందర్శకుల గదిలోకి వెళ్ళింది.

త్రినాథరావు గారు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. కుక్కర్ వైపు చూసి, రెండుసార్లు గాలి పీల్చి, జేబులోంచి పెన్ను తీశారు. "ఆహా! ఉడికినది. నిస్సందేహముగా ఉడికినది. విజయవంతమైనదని నేడే నివేదించెదను."

టీ కప్పులు తెస్తున్న వకుళ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇన్నాళ్ళ కష్టం ఒక్క వాసనతో పోయేలా ఉంది. కప్పులు బల్ల మీద పెట్టి ఆయన దగ్గరకు వెళ్ళింది.

"సార్, పలక మీద ఇంకా చాలా గంటలు మిగిలున్నాయి గదండీ. అన్ని గంటలు మిగిలుండగానే ఉడికిందని రాస్తే, మూతకి అరగంట కలపడమనేదే అక్కర్లేదని తేలిపోతుంది. కమిషనర్ గారి నిబంధన తప్పని మనమే రాసిచ్చినట్టవుతుందేమోనండి."

పెన్ను గాలిలో ఆగింది. మిగతా అధికారులు కిటికీల్లోంచి బయటికి చూడసాగారు. త్రినాథరావు గారు పెన్నుకు మూత బిగించి, అది బిగిసిందో లేదో చూసుకుని, జేబులో పెట్టుకున్నారు.

"ఉడికినది అనరాదు. ఉడుకుచున్నది," అన్నారు.

లోపల పిల్లలు తింటూ ఒకరి గిన్నెలోంచి ఒకరు లాక్కుంటున్న గోల వినబడుతోంది. వకుళకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆ గోల కోసం ఇంకో వందమంది అధికారులకైనా టీలు పెట్టగలననుకుంది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సైరన్ మోగింది. ఇంత ప్రగతి సాధించిన కేంద్రాన్ని కళ్ళారా చూడాలని కమిషనర్ గారే స్వయంగా వచ్చారు. పొద్దుటి నుంచి ప్రయాణమట, దారిలో రెండు ప్రారంభోత్సవాలట, ఎక్కడా తినడానికి ఏమీ పెట్టలేదట. ముఖం వాడిపోయి ఉంది. అయినా కుక్కర్‌ను చూడగానే వెలిగింది.

"నిదానం అనేది వంట పద్ధతి కాదయ్యా, ఒక దృక్పథం," అన్నారు అందరి వైపూ తిరిగి. "మనం పదార్థాన్ని వండకూడదు. పదార్థం తనంతట తాను పరిపక్వం చెందడానికి ఒక వేదిక కల్పించాలి. సరే, మూత తీయండి. రుచి చూస్తాను."

మూత తీస్తే ఏం కనబడుతుందో వకుళకు తెలుసు. ఆ తారు ముద్దను ఆయన నోట్లో పెట్టుకున్నారంటే ప్రయోగం విఫలం, దానితోపాటు తన ఉద్యోగమూ సఫా. త్రినాథరావు గారికి వేరే బాధ. సమయం పూర్తి కాలేదు. కమిషనర్ గారికి నిబంధన వర్తిస్తుందా వర్తించదా అన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు.

"అయ్యా, సదరు నిబంధన..." అని ఆగిపోయారు.

వకుళ ముందుకు వచ్చింది. "మూత తీయొచ్చండి, అరగంట కలుస్తుంది. రుచి చూడాలంటే మాత్రం సమయం పూర్తవ్వాలండి. ఆ రూలు తమరు పెట్టిందే. తమరికి వర్తించదని మేం ఎలా అనగలం?"

కమిషనర్ గారు ఆమె వైపు తిరిగారు. తన నిబంధన తన ముందే ఇంత గట్టిగా నిలబడడం ఆయనకు ఎప్పుడూ ఎదురవ్వలేదు. ముచ్చట పడ్డారు. "భేష్," అని, తానే వంగి మూత ఎత్తారు. లోపలికి చూశారు. ఉన్నచోటే కాసేపు వంగి ఉండిపోయారు. మూత పెట్టేశారు.

"ఇంకా టైముంది కదా. రంగు మారుతుంది," అన్నారు.

త్రినాథరావు గారు పలక మీద అరగంట కలిపారు.

"మీరంతా బయట ఉండండి. వార్డెన్ గారితో మాట్లాడాలి," అన్నారు కమిషనర్ గారు. అధికారులు వరుసగా బయటికి నడిచారు. ఆయన తల్లిదండ్రుల బెంచీ మీద కూలబడి, నుదురు తుడుచుకుని, కాస్త సిగ్గుగా అడిగారు.

"అమ్మా, తినడానికి ఏమైనా ఉందా?"

ఏం పెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆ పూట హాస్టల్లో ఉన్నది అదొక్కటే. నూకరత్నం స్టీలు గిన్నెలో వేడివేడి హల్వా, పైన జీడిపప్పు వేసి పంపింది. కమిషనర్ గారు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. రెండో చెంచాకు తెరిచారు. గిన్నె సగం అయ్యాక ఆగి, బల్ల మీద కుక్కర్ వైపు చూసి, చేతిలో గిన్నె వైపు చూశారు.

"ఇది ఎందులో చేశారు?"

కుక్కర్లో అని చెబితే పొయ్యి పోతుంది. పొయ్యి మీద అని చెబితే నిబంధన మీరిన నేరం, ఉద్యోగం పోతుంది. ఇన్నాళ్ళూ అధికారుల్ని, గంటల్ని కూడికలూ తీసివేతలూ చేస్తూ వకుళ తప్పించుకుని తిరిగిన చోటు ఇదే. ఇప్పుడు కలపడానికి ఎవరూ మిగల్లేదు. బక్కెట్లు మోసిన పిల్లా, పొగకు సగం కన్ను పోగొట్టుకున్న మనిషీ లోపలే ఉన్నారు. ఆయన మాత్రం గిన్నె చేత్తో పట్టుకుని, ఆకలి తీరిన మనిషి ఎలా చూస్తాడో అలా చూస్తున్నారు.

"గ్యాసు పొయ్యి మీదండి. మా నూకరత్నం గారు నిలబడి కలిపారు. పిల్లలు రేపు ఊళ్ళకు వెళ్ళిపోతున్నారని నేనే చెయ్యమన్నాను."

కమిషనర్ గారు మిగతా సగం కూడా తిన్నారు. గిన్నె అంచు వేలితో తుడిచి నాకారు. తర్వాత లేచి వెళ్ళి, కుక్కర్ గాజు మూత మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఆ ముసలావిడ ఇంట్లో ఇది ఎంత బాగా వచ్చిందనుకున్నావు," అన్నారు మెల్లగా. "ఆ ఇంట్లో మూత తీసే వాళ్ళు లేరమ్మా. ఆవిడ స్విచ్చి నొక్కి బజారుకు పోయింది."

"ఔనండి. మొదటి రోజు సాయంత్రం మాకూ చాలా బాగా ఉడికిందండి," అంది వకుళ.

ఆయన ఆ మాటకు బాగా నొచ్చుకున్నట్టు తల పట్టుకున్నారు. "మంత్రిగారికి ఇప్పటికే చెప్పేశాను. ఇప్పుడు ఆపేస్తే విఫలమని రాయాలి. రాస్తే నీ మీదకొస్తుంది."

"ఆపకండి. ఉడకనివ్వండి."

"ఎంతకాలం?"

"తమరు వచ్చి మూత తీస్తున్నంతకాలం ఉడుకుతూనే ఉంటుందండి."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. లెక్క కుదిరినట్టుంది, ముఖం తేటపడింది. గిన్నె ఆమె చేతికిస్తూ, లోపల ఇంకొంచెం మిగిలిందా అని కళ్ళతోనే అడిగారు. మిగిలింది. అది కూడా అయ్యాక చేయి కడుక్కుని, కోటు సర్దుకుని, అధికారులు వరుసగా నిలబడ్డ చోటికి వెళ్ళారు.

"ఇంకా ఉడకలేదు," అని ప్రకటించారు. "ఇది పూర్తయ్యేవరకు ఏ హాస్టల్లోనూ గ్యాసు పొయ్యి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. మీ గంట గంట తనిఖీలు నేటితో చాలు. నెలకోసారి నేనే వచ్చి మూత తీసి చూసుకుంటాను. నేను లేనప్పుడు స్విచ్చి ఆపి ఉంచండి, ఆ గంటలు పలక మీద తగ్గించకూడదు. వచ్చే ముందు వార్డెన్ గారికి కబురు పెడతాను."

త్రినాథరావు గారు అన్నీ పొల్లు పోకుండా రాసుకున్నారు. ఆయన చూపు కమిషనర్ గారి మీసానికి అంటుకున్న నెయ్యి దగ్గర ఒక్క క్షణం ఆగింది గానీ, దాన్ని ఏ పేరాలో రాయాలో తెలియక వదిలేశారు.